సియాటిల్ కరెంటు ఎవరిది?

వాషింగ్టన్ సరస్సుకు పడమటి ఒడ్డున సియాటిల్ నగరం, తూర్పు వైపున బెల్‌వ్యూ, రెడ్మండ్ పట్టణాలు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాల్లో చాలామంది స్థిరపడింది తూర్పు ఒడ్డునే. ఆ ఇళ్లకు కరెంటు బిల్లు పంపేది ప్యూజెట్ సౌండ్ ఎనర్జీ అనే ప్రైవేటు కంపెనీ. వంతెన దాటి నగరంలో కాపురం పెట్టినవారికి మాత్రం బిల్లు సియాటిల్ సిటీ లైట్ నుంచి వస్తుంది. అది నగరపాలక సంస్థ సొంత విద్యుత్ విభాగం. దాని అధిపతిని నియమించేది మేయర్, చార్జీలను ఖరారు చేసేది ఎన్నికైన నగర మండలి. సరస్సుకు ఇరువైపులా కనిపించే ఈ తేడా వెనుక దాదాపు అర్ధ శతాబ్దంపాటు వీధివీధినా సాగిన పోరు ఉంది. ఆ పోరులో నగర ప్రజలు ఏం గెలిచారో, వారి గెలుపునకు మూల్యం ఎవరు చెల్లించారో తెలియాలంటే కథను నీళ్ల దగ్గరి నుంచి మొదలుపెట్టాలి.

1889 జూన్ 6న సియాటిల్ వ్యాపార కేంద్రం తగలబడింది. ఒక వడ్రంగి దుకాణంలో జిగురు మరిగి పొంగి మొదలైన నిప్పు, చెక్క భవనాల మీదుగా గంటల్లో వీధుల వెంట పాకింది. మంటలు ఆర్పడానికి గొట్టాలు బిగిస్తే నీటిలో ఒత్తిడి లేదు. నీటి సరఫరా అప్పట్లో ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండేది, దాని పైపుల్లో చాలా భాగం చెక్కవి, సన్ననివి. బూడిద పూర్తిగా చల్లారకముందే, జూలైలో, నగరమే సొంతంగా నీటి సరఫరా నడపాలన్న ప్రతిపాదనకు ఓటర్లు అత్యధిక మెజారిటీతో మద్దతు పలికారు. అయితే ఓటు వేసినంత సులువుగా డబ్బు పుట్టలేదు. అప్పులపై చట్టం విధించిన పరిమితి నగరాన్ని కట్టిపడేసింది. పన్నులు తాకట్టు పెట్టకుండా, పథకం తెచ్చే రాబడి నుంచే తీర్చే బాండ్లు జారీ చేయవచ్చని స్పోకేన్ నగరానికి సంబంధించిన కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక ఆ ముడి వీడింది. 1895 డిసెంబరులో ఓటర్లు ఆ పద్ధతినే ఆమోదించి, కాస్కేడ్ కొండల్లోని సీడర్ నది నీటిని నగరానికి తెచ్చుకున్నారు. రాబడి మీద ఆధారపడిన ఈ బాండ్ల పద్ధతిని మామూలు లెక్కల వ్యవహారంగా కొట్టిపారేయకూడదు. తరువాతి కాలంలో స్కాజిట్ నదిపై లేచిన ఆనకట్టలకు డబ్బు సమకూర్చింది ఇదే.

నది నగరం చేతికి వచ్చింది. అదే నది కొండ మీది నుంచి దిగేచోట కరెంటు తీయవచ్చన్న ఆలోచన నగర ఇంజనీరు ఆర్.హెచ్. థామ్సన్‌కు మొదటి నుంచీ ఉంది. అప్పటికి పట్టణంలో కరెంటు, ట్రామ్ వ్యాపారాలు బోస్టన్‌కు చెందిన స్టోన్ అండ్ వెబ్‌స్టర్ సంస్థ గుప్పిట్లోకి వెళ్లిపోయాయి. చిన్నచిన్న కంపెనీలన్నిటినీ కలిపి 1900లో ఏర్పరచిన సియాటిల్ ఎలక్ట్రిక్ కంపెనీకి ఊళ్లో ఎదురులేదు. 1902 మార్చిలో సీడర్ నదిపై జలవిద్యుత్ కేంద్రం కట్టడానికి 5 లక్షల 90 వేల డాలర్ల బాండ్లకు ఓటర్లు అనుమతి ఇచ్చారు. సీడర్ ఫాల్స్ దగ్గర దుంగలతో కట్టిన చిన్న ఆనకట్ట, దాని కింద విద్యుత్ కేంద్రం తయారయ్యాయి. 1905 జనవరి నుంచి సియాటిల్ వీధి దీపాలు నగరం సొంత కరెంటుతో వెలిగాయి. అమెరికాలో ఒక నగరం స్వయంగా నిర్మించి నడిపిన తొలి జలవిద్యుత్ కేంద్రాల్లో ఇది ఒకటి.

ప్రైవేటు కంపెనీ అంతకుముందు ఇళ్లకు యూనిట్‌కు 20 సెంట్ల వరకు వసూలు చేసేది. నగరం 8.5 సెంట్లతో రంగంలోకి దిగింది. కంపెనీ కూడా దిగిరాక తప్పలేదు. నగర కరెంటు తీసుకోనివారికి సైతం నగర కరెంటు వల్ల బిల్లు తగ్గడం ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. సొంత సంస్థ ఉన్న ఊరికి కరెంటు తయారీకి నిజంగా ఎంత ఖర్చవుతుందో తెలుస్తుంది. తెలిశాక, కంపెనీ చెప్పే లెక్కను ఎవరూ కళ్లు మూసుకుని నమ్మరు. ముప్పై ఏళ్ల తరువాత టెన్నెసీ లోయలోనూ కొలంబియా నదిపైనా ఫెడరల్ ప్రభుత్వం ఆనకట్టలు కట్టినప్పుడు, వాటిని ప్రైవేటు ధరలకు కొలబద్దలుగా చూపి సమర్థించింది. సియాటిల్‌లో ఆ కొలబద్ద అప్పటికే చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది.

తొలి పెద్ద పొరపాటు కూడా సీడర్ నది మీదనే జరిగింది. పెరుగుతున్న గిరాకీకి దుంగల ఆనకట్ట చాలక, దాని దిగువన ఎత్తైన కాంక్రీటు ఆనకట్ట కట్టి 1914లో పూర్తిచేశారు. కట్టడంలో లోపం లేదు, లోపమంతా దాని పక్కనున్న గట్టులో ఉంది. ఉత్తరపు ఒడ్డున ఉన్నది రాయి కాదు. ఏనాడో హిమానీనదం తోసుకొచ్చి పోగుచేసిన ఇసుక, గులకరాళ్ల గుట్ట అది. జల్లెడలో నీరు నిలవనట్టే ఆ జలాశయంలోనూ నీరు నిలవలేదు. 1915 వసంతంలో జలాశయం మట్టం పెరిగేకొద్దీ, కొండకు అవతల పల్లంలో ఉన్న మాంక్టన్ అనే చిన్న రైల్వే ఊళ్లో నేలలోంచి నీరు ఊరడం మొదలైంది. వరదలా ఒక్కసారి విరుచుకుపడలేదు. పెరట్లో తడిగా మొదలై, గడపకు చేరి, రోజురోజుకూ గోడలెక్కింది. సుమారు రెండు వందల మంది సామాను సర్దుకుని వెళ్లిపోయారు, ఇళ్లు కప్పుల దాకా మునిగాయి. ఆ ఊరి స్థలంలో ఇప్పుడున్న రాటిల్‌స్నేక్ సరస్సు ఒడ్డుకు సియాటిల్ జనం సెలవు రోజుల్లో షికారుకు వస్తుంటారు.

అంతటితో పాఠం నేర్చుకున్నారా అంటే లేదు. మూడేళ్ల తరువాత జలాశయాన్ని మళ్లీ నింపబోగా, 1918 డిసెంబరు 23న ఆ గట్టు ఒకచోట తెగి, బురదనీరు బాక్స్‌లీ వాగులోకి దూకింది. దారిలో ఉన్న ఎడ్జ్‌విక్ అనే ఊరూ అక్కడి రంపపు మిల్లూ కొట్టుకుపోయాయి. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టమే. నగరం నష్టపరిహారం చెల్లించింది. ఆ ఆనకట్టను నేటికీ పూర్తి ఎత్తున నింపడం లేదు. మాంక్టన్, ఎడ్జ్‌విక్ ప్రజలకు సియాటిల్ ఎన్నికల్లో ఓటు లేదు. బాండ్లకు ఆమోదం తెలిపిన వాళ్లు ఒకచోట, ఆ బాండ్ల డబ్బుతో వచ్చిన నీటిలో మునిగిన వాళ్లు మరోచోట ఉన్నారు. నగరం సొంతదారుగా ఉన్న ఏ జలవిద్యుత్ సంస్థలోనైనా ఈ ఎడం ఉంటుంది. ఎందుకంటే లైట్లు నగరంలో వెలుగుతాయి, నదులు మాత్రం వేరెవరి ఊళ్లలోనో పారుతుంటాయి.

సిటీ లైట్ 1910లో నీటి విభాగం నుంచి విడిపోయి ప్రత్యేక విభాగం అయింది. మరుసటి ఏడాది దాని సూపరింటెండెంటుగా జేమ్స్ డెల్మేజ్ రాస్ వచ్చాడు. 1872లో కెనడాలోని ఒంటారియోలో పుట్టిన రాస్ విద్యుత్ శాస్త్రాన్ని కాలేజీలో చదవలేదు, సొంతంగా నేర్చుకున్నాడు. మధ్యలో కొద్ది నెలలు తప్ప 1939లో చనిపోయేదాకా ఆ కుర్చీ అతనిదే. చవకగా అమ్మితే వాడకం పెరుగుతుంది, వాడకం పెరిగితే యూనిట్ ఖర్చు ఇంకా తగ్గుతుందన్నది అతని నమ్మకం. అందుకే సిటీ లైట్ కరెంటు అమ్మడంతో ఊరుకోకుండా విద్యుత్ పొయ్యిలను ఇళ్లకు చేర్చడానికీ పూనుకుంది. ఈ పద్ధతిలో వచ్చిన చిక్కు ఏమిటంటే గిరాకీ ఎప్పుడూ ఉత్పత్తి కంటే ముందుండేది, కొత్త నది కోసం వెతుకులాట ఆగేది కాదు.

ఆ వెతుకులాట ఉత్తరాన సుమారు వంద మైళ్ల దూరంలోని స్కాజిట్ నది దగ్గర ఆగింది. అక్కడి హక్కుల కోసం స్టోన్ అండ్ వెబ్‌స్టర్ ఏళ్ల తరబడి దరఖాస్తులతో కాలయాపన చేసింది తప్ప ఒక్క రాయి వేయలేదు. 1917 డిసెంబరులో ఫెడరల్ వ్యవసాయ కార్యదర్శి డేవిడ్ హ్యూస్టన్ అనుమతిని సియాటిల్‌కు ఇచ్చాడు. దారీతెన్నూ లేని లోయ కావడంతో నగరమే రాక్‌పోర్ట్ నుంచి న్యూహేలెమ్ దాకా రైలుమార్గం వేసింది, న్యూహేలెమ్‌లో కార్మికులకు ఊరు కట్టింది. చెక్క దుంగల అడ్డుకట్ట దగ్గర నదిని మళ్లించి, కొండలో రెండు మైళ్ల సొరంగం తొలిచి, ఆ నీటిని గోర్జ్ విద్యుత్ కేంద్రంలోని టర్బైన్ల మీదికి వదిలారు. ఖర్చు తొలి అంచనాలను రెట్టింపుకు మించి దాటింది. విమర్శలు తీవ్రంగానే వచ్చాయి. 1924 సెప్టెంబరు 17న అధ్యక్షుడు కూలిడ్జ్ వాషింగ్టన్ డీసీలో ఒక మీట నొక్కగా గోర్జ్ కేంద్రం లాంఛనంగా ప్రారంభమైంది.

తరువాత కట్టిన డయాబ్లో ఆనకట్ట 1930లో పూర్తయ్యేనాటికి 389 అడుగులతో ప్రపంచంలోనే ఎత్తైనది. నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట 407 అడుగులు ఉంటుంది కనుక ఆ ఎత్తును తెలుగువారు సులువుగానే ఊహించుకోగలరు. అయితే ఆర్థిక మాంద్యం వల్ల బాండ్లు అమ్ముడుపోక విద్యుత్ కేంద్రం పని మూలనపడి, 1936లో గానీ అక్కడ కరెంటు పుట్టలేదు. గోడ లేచి, నీళ్లు నిండి, ఆరేళ్లపాటు ఉత్పత్తి లేని ఆనకట్టను ఓటర్లు భరించారంటే, దానికి రాస్ పెంచి పోషించిన నమ్మకమే కారణమనాలి.

ఆ నమ్మకాన్ని అతను ఎలా పెంచాడో చూడదగ్గది. 1928 నుంచి సియాటిల్ జనాన్ని స్కాజిట్ యాత్రలకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. నగరం సొంత రైల్లో కొండలు ఎక్కడం, కార్మికుల భోజనశాలలో బల్లల దగ్గర కలిసి కూర్చుని కడుపునిండా తినడం, రాత్రి అక్కడే బస, మర్నాడు జలాశయంలో పడవ షికారు ఉండేవి. చీకటి పడ్డాక న్యూహేలెమ్‌లోని గోర్జ్ విద్యుత్ కేంద్రం వెనుక లాడర్ క్రీక్ జలపాతం మీద రంగురంగుల దీపాలు వెలిగేవి, చెట్ల మధ్య దాచిన లౌడ్‌స్పీకర్ల నుంచి సంగీతం వినిపించేది. ఆ చలి లోయలో ఉష్ణదేశపు మొక్కలు కూడా పెంచారు. దీన్ని ప్రచార ఆర్భాటం అనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ తన డబ్బు ఏ రాయిలో, ఏ ఇనుములో పెట్టారో ఓటరు కళ్లారా చూసి రావడం చిన్న విషయం కాదు. ఏటా వేలమంది అలా చూసి వచ్చారు. ఆ ఆనకట్టలు తమవి అన్న భావం ఆ యాత్రల్లోనే గట్టిపడింది.

దాని బలం 1931లో తేలింది. మేయర్ ఫ్రాంక్ ఎడ్వర్డ్స్ మార్చిలో రాస్‌ను పదవి నుంచి తొలగించాడు. అసమర్థత, దుబారా అన్నవి మేయర్ చెప్పిన కారణాలు. ప్రైవేటు కంపెనీకి మేలు చేయడానికేనని జనం అనుకున్నారు. సంతకాలు సేకరించి, మేయర్‌నే వెనక్కి పిలిచే ఎన్నిక తెచ్చారు. జూలై 13న జరిగిన ఓటింగులో ఎడ్వర్డ్స్ పదవి ఊడింది, కొత్త మేయర్ రాస్‌ను తిరిగి నియమించాడు. ఒక విద్యుత్ అధికారి కోసం నగరం తన మేయర్‌నే దించేసిన సందర్భాలు చరిత్రలో బహుశా ఎక్కువ ఉండవు. రాస్ తరువాత ఫెడరల్ సెక్యూరిటీస్ కమిషన్‌లో సభ్యుడయ్యాడు. 1937లో, కొలంబియా నది ఆనకట్టల కరెంటును అమ్మే ఫెడరల్ సంస్థ అయిన బొన్నెవిల్ విద్యుత్ సంస్థకు తొలి అధిపతి అయ్యాడు. సియాటిల్ ఉద్యోగాన్ని మాత్రం వదులుకోలేదు. అతని సమాధి న్యూహేలెమ్‌లోనే, కొండ పాదాన ఉంది. పైన మూడో ఆనకట్టకు అతని పేరే పెట్టారు. 540 అడుగుల రాస్ ఆనకట్ట దశలవారీగా లేచి 1949లో పూర్తయింది.

ఈ కాలమంతా సియాటిల్ వీధుల్లో రెండు సంస్థల స్తంభాలు, రెండు వరుసల తీగలు పక్కపక్కనే నడిచాయి. పోటీ ధరలు తగ్గించింది నిజమే గానీ, ఒకే వీధికి రెండు సరఫరా వ్యవస్థల ఖర్చును ఏదో ఒక రూపంలో భరించింది వినియోగదారులే. చివరికి 1950 నవంబరులో ప్రైవేటు కంపెనీకి నగరంలో ఉన్న ఆస్తులను కొనేయాలన్న ప్రతిపాదన వెయ్యి ఓట్లకు లోపు ఆధిక్యంతో గట్టెక్కింది. 1951లో సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లకు కొనుగోలు పూర్తయింది. ఆ కంపెనీ నగరం వెలుపల వ్యాపారం కొనసాగించింది. సరస్సు తూర్పు ఒడ్డున ఇవాళ బిల్లులు పంపుతున్నది దాని వారసురాలే.

గుత్తాధిపత్యం దక్కాక సిటీ లైట్ మరింత పెద్దదయింది. రాష్ట్రానికి ఈశాన్య కొసన, కెనడా సరిహద్దుకు దగ్గరలో, పెండ్ ఓరే నది మీద కొండ లోపల తొలిచిన బౌండరీ కేంద్రం 1967లో మొదలైంది. సిటీ లైట్ సొంత ఉత్పత్తిలో పెద్ద వాటా దానిదే. అక్కడి స్థానిక ప్రజా విద్యుత్ సంస్థ అభ్యంతరాలు చెప్పినా నగరానికే అనుమతి వచ్చింది. అదే రోజుల్లో రాస్ ఆనకట్టను మరో 120 అడుగులకు పైగా పెంచే పథకం బయటికి తీశారు. పెంచితే నీరు సరిహద్దు దాటి బ్రిటిష్ కొలంబియాలోని స్కాజిట్ లోయను ముంచుతుంది. ఆ ముంపునకు బదులుగా ఏటా సుమారు 35 వేల డాలర్లు చెల్లించేలా 1967లో ఆ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. వేల ఎకరాల అడవికీ నదికీ కట్టిన వెల అది. ఆ అంకె చూసి కెనడాలో ప్రజలు మండిపడ్డారు. సరిహద్దుకు రెండు వైపులా పర్యావరణ సంఘాలు ఏకమై పదిహేనేళ్లకు పైగా పోరాడాయి. 1984లో రెండు దేశాల ఒడంబడికతో వ్యవహారం తేలింది. సియాటిల్ ఆనకట్ట ఎత్తు పెంచదు. పెంచితే ఎంత కరెంటు వచ్చేదో అంత కరెంటును బ్రిటిష్ కొలంబియా ఎనభై ఏళ్లపాటు సరఫరా చేస్తుంది. ఆనకట్ట కట్టడానికి అయ్యే ఖర్చును సియాటిల్ దానికి చెల్లిస్తుంది. కట్టని ఆనకట్ట నుంచి కరెంటు తీసుకున్న ఈ ఏర్పాటు ఎంతో తెలివైనది.

అంతకన్నా గొప్ప నిర్ణయం 1976లో జరిగింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్రజా విద్యుత్ సంస్థలు కలిసి అయిదు అణు విద్యుత్ కేంద్రాలు తలపెట్టాయి. నాలుగు, అయిదు నంబర్ల కేంద్రాల్లో వాటా తీసుకోమని సియాటిల్‌ను అడిగారు. గిరాకీ ఏటా పెరుగుతూనే ఉంటుందన్నది ఇంజనీర్ల అంచనా. నగర మండలి ఆ అంచనాను అలాగే ఒప్పుకోకుండా, 1990 నాటికి నిజంగా ఎంత కరెంటు కావాలో పౌరుల కమిటీ పర్యవేక్షణలో అధ్యయనం చేయించింది. పొదుపు చర్యలతోనే ఆ లోటు తీర్చవచ్చని తేలడంతో వాటా వద్దంది. ఆ రెండు కేంద్రాలూ మధ్యలోనే ఆగిపోయాయి. 1983లో 225 కోట్ల డాలర్ల బాండ్లు చెల్లించలేక ఆ ఉమ్మడి సంస్థ చేతులెత్తేసింది. అమెరికా పురపాలక బాండ్ల చరిత్రలో అప్పటికి అదే అతిపెద్ద ఎగవేత. ఎక్కువ అమ్మితేనే లాభమన్న రాస్ సూత్రాన్ని అతని సంస్థే పక్కన పెట్టి, తక్కువ వాడమని జనానికి చెప్పడం మొదలుపెట్టింది. నిపుణుల లెక్కను బహిరంగంగా ప్రశ్నించే చోటు మండలి రూపంలో ఉండటం వల్లనే అది సాధ్యపడింది.

అలాగని ప్రజా యాజమాన్యం ప్రతిసారీ గట్టెక్కించదు. ఒక బొగ్గు విద్యుత్ కేంద్రంలో తనకున్న వాటాను 2000లో అమ్మేసిన సిటీ లైట్‌ను, వెంటనే వచ్చిన కరువూ కాలిఫోర్నియా విద్యుత్ సంక్షోభమూ ఒకేసారి దెబ్బతీశాయి. జలాశయాలు అడుగంటితే బయట మండిపోయే ధరకు కరెంటు కొనాల్సి వచ్చింది. చార్జీలు ఏడాదిలో సగానికి పైగా పెరిగాయి, అప్పు పేరుకుపోయింది. నీటిని నమ్ముకున్న సంస్థకు వాన, మంచు పడని ఏడాది ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసొచ్చింది. స్కాజిట్‌కు వేసవిలో నీరిచ్చే హిమానీనదాలు కరిగిపోతున్నందున ఆ ప్రమాదం ఇంకా పెద్దదవుతోంది. 2005లో కర్బన ఉద్గారాల నికర భారం లేని తొలి అమెరికన్ విద్యుత్ సంస్థగా సిటీ లైట్ పేరు తెచ్చుకుంది. అయితే ఆ పేరు మొత్తం కథ చెప్పదు.

చెప్పనిదేమిటో తెలియాలంటే గోర్జ్ ఆనకట్ట కిందికి వెళ్లాలి. అక్కడ నదిని సొరంగంలోకి మళ్లించడం వల్ల దాదాపు రెండున్నర మైళ్ల పొడవున స్కాజిట్ పడక చాలా కాలం బండరాళ్లతో ఎండి ఉండేది. విద్యుత్ కేంద్రం దిగువన నది మళ్లీ నదిలా కనిపిస్తుంది. ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో కలిసే నదుల్లో పసిఫిక్ సాల్మన్ జాతులు అయిదూ బతికే పెద్ద నది ఇది. సాయంత్రం గిరాకీకి నీళ్లు ఎక్కువ వదిలి, అర్ధరాత్రి తగ్గిస్తే, దిగువన మట్టం పడిపోయి చేపపిల్లలు గులకరాళ్ల మధ్య చిక్కుకుని చస్తాయి. 1991లో ఆదివాసీ తెగలతో, ప్రభుత్వ శాఖలతో కుదిరిన ఒప్పందం ఆ హెచ్చుతగ్గులకు హద్దులు పెట్టింది. 1995లో వచ్చిన ముప్పై ఏళ్ల ఫెడరల్ అనుమతిలో అవే షరతులు చేరాయి. దిగువన చేపల పరిస్థితి మెరుగుపడింది. కానీ గుడ్లు పెట్టడానికి ఆనకట్టలు దాటి పైకి వెళ్లే దారి మాత్రం వాటికి దొరకలేదు.

ఆ లోయలో అడ్డువచ్చే సహజ జలపాతాల వల్ల చేపలు ముందునుంచీ పైకి పోలేకపోయేవని సిటీ లైట్ చాలాకాలం వాదించింది. అప్పర్ స్కాజిట్, సౌక్-సుయాటిల్, స్వినోమిష్ తెగలు ఒప్పుకోలేదు. ఆ నది వెంట వారి పూర్వీకులు ఎన్నో తరాలుగా చేపలు పట్టారు. నగరం 1917లో అనుమతి పొందినప్పుడు వారి మాట అడిగినవారు లేరు. అనుమతి గడువు 2025తో ముగియనుండగా, సౌక్-సుయాటిల్ తెగ 2021లో కోర్టుకెక్కింది. చేపల దారి లేకుండా గోర్జ్ ఆనకట్ట ఉండటమే చట్టవిరుద్ధమన్నది వారి వాదం. 2023లో రాజీ కుదిరింది. ఆనకట్టల మీదుగా చేపలను దాటించే ఏర్పాట్లను కొత్త అనుమతి దరఖాస్తులో చేర్చడానికి నగరం ఒప్పుకుంది. వాటి ఖర్చు సియాటిల్ వినియోగదారుల బిల్లుల్లోకే వస్తుంది. నగర మండలిని ఎన్నుకునే ఓటు ఆ తెగలకు ఇప్పటికీ లేదు. స్కాజిట్ నీటిని ఎలా వదలాలో తేల్చే చర్చల్లో మాత్రం వారి ప్రతినిధులు ఇప్పుడు నగరానికి ఎదురుగా కూర్చుంటున్నారు.